తొడ కండ పట్టేస్తే తొందర పడరాదు

దిండి రేవు ప్రక్కన ఒక సభ్యుని ఇంట తెల్లవారుజామున పాలు తీసే వేళ పేయదూడ పలుపు తెంచుకుందనుకోండి. బోదె దాటి కొబ్బరితోటలో పడిన దూడ వెంట ఆయన ఒక్కసారిగా పరుగందుకుంటాడు. తొడ వెనుక ఎవరో కర్రతో కొట్టినట్లయి ఆగిపోతాడు. తిరిగి చూస్తే వెనుక ఎవరూ ఉండరు. చిట్లింది తన తొడ కండరమే.

పిరుదు ఎముక నుండి మోకాలి క్రింది వరకు తొడ వెనుక మూడు కండరాలున్నాయి. పరుగులో ముందుకు విసిరిన కాలును ఇవే నిలువరిస్తాయి. సాగుతూనే బిగియవలసి వచ్చినపుడు వాటి పోగులు తెగుతాయి. వయసు మళ్ళినవారికి, ఇదివరకు ఒకసారి ఇలా అయినవారికి ప్రమాదం ఎక్కువ.

కాకినాడలో పుట్టిన క్రికెట్ ఆటగాడు హనుమ విహారికి 2021 జనవరి 11న సిడ్నీ టెస్టులో చిట్లింది ఈ కండరమే. ఆయన కుంటుతూనే 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలిచి, అశ్విన్‌తో కలిసి ఓటమి తప్పించాడు. మనమంతా గర్వించాము. కాని ఆ వెంటనే జరిగిన బ్రిస్బేన్ టెస్టులో ఆయన ఆడలేకపోయాడు. మన సభ్యులు గమనించవలసింది ఈ రెండో సంగతి.

మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, నూనె మర్దన చేయరాదు. మన ఇళ్ళలో ముందు చేసేది ఇవేనని మాకు తెలుసు, కాని వీటివల్ల లోపల రక్తస్రావం, వాపు పెరగవచ్చు. ఐసును గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. రొయ్యల చెరువుల ప్రాంతంలో ఐసుకు కొదవేమిటి? మెత్తని పట్టీ కట్టి, పడుకున్నపుడు కాలి క్రింద తలగడ ఉంచండి.

అలాగని వారాల తరబడి మంచం పట్టనవసరం లేదు. నొప్పి లేనంత మేర మెల్లగా నడవండి. బోర్లా పడుకుని మోకాలు వంచడం, తరువాత వెల్లకిలా మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం రోజూ చేస్తే కండ బలపడుతుంది. స్వల్పమైన దెబ్బ ఒకటి నుండి మూడు వారాల్లో, మధ్యరకం నాలుగు నుండి ఎనిమిది వారాల్లో నయమవుతుంది. పూర్తిగా తెగితే మూడు నెలలు దాటవచ్చు. దెబ్బ తగిలినపుడు టప్పుమని శబ్దం వచ్చినా, తొడ నల్లగా కమిలినా, కాలు మోపలేకపోయినా, పాదం తిమ్మిరెక్కినా రాజోలో అమలాపురమో వెళ్ళి ఎముకల డాక్టరుకు చూపించుకోవలెను.

అసలు చిక్కు గేదెతో వస్తుంది. చేయి మారితే అది చేపదు, కేంద్రానికి పాలు తగ్గుతాయి. అందుకే మనవాళ్ళు నాలుగోరోజే కుంటుతూ గొంతుకూర్చుంటారు. అలా చేయకండి. పాలు తీయడం ఇంట్లో మరొకరికి అప్పగించి, మీరు ప్రక్కన ఎత్తు పీటపై కూర్చుని గేదెను నిమురుతూ పలకరించండి. కొద్ది రోజుల్లో కొత్త చేయి అలవాటవుతుంది. పశువైద్యుడు చెప్పనిదే చేపు ఇంజక్షను జోలికి పోరాదు. మోకాళ్ళు వంచకుండా వంగి గడ్డి కోయడం, పాల క్యాను ఎత్తడం కూడా అప్పటికి మానండి.

నొప్పి పోయిన రోజున కండ ఇంకా అతుకుతూనే ఉంటుంది. వేగంగా నడిచినా, మెట్లెక్కినా, పడుకుని కాలు చాపి పైకెత్తినా రెండు కాళ్ళూ ఒకేలా అనిపించాకే మెల్లగా పరుగు మొదలుపెట్టవలెను. ఈలోగా పేయకు గట్టి పలుపు కట్టించండి.