ల్యాప్‌టాప్ తెరపై గీతలు వస్తే: చిప్ ఎందుకు పోతుంది, కంపెనీ ఏం మారుస్తుంది?

కరోనా కాలంలో, అంటే 2020, 2021లలో, ఊళ్లలోకి ల్యాప్‌టాప్‌లు బాగా వచ్చాయి. ఆన్‌లైన్ క్లాసుల కోసం పిల్లలకు కొన్నారు. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసులు ఇంటి నుంచే పని చేయమంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వెంట తెచ్చుకున్నారు. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పంపినవి మరికొన్ని. కర్నూలు జిల్లా కోడుమూరు లాంటి మండల కేంద్రంలో కూడా ఇప్పుడవి వింత వస్తువులు కావు. వాటి ఏడాది వారంటీ ఎప్పుడో తీరిపోయింది. తెర మీద గీతలు రావడం, రంగులు చెదరడం, ఫ్యాన్ తిరుగుతున్నా తెర నల్లగా ఉండిపోవడం ఎక్కువగా ఈ వయసులోనే మొదలవుతాయి.

కర్నూలు తీసుకెళ్లి నాలుగు షాపుల్లో చూపిస్తే నాలుగు మాటలు వినిపిస్తాయి. ఒకరు డిస్‌ప్లే పోయిందంటారు. ఇంకొకరు బోర్డు మార్చాలంటారు. మరొకరు చిప్‌ను వేడి చేస్తే వచ్చేస్తుందంటారు. ఈ మాటల వెనక వేర్వేరు లోపాలున్నాయి, వేర్వేరు ఖర్చులున్నాయి. ఏది నిజమో తేల్చుకోవాలంటే ముందు ఆ చిప్ సంగతి తెలియాలి.

బోర్డుకు అతికిన చిప్

తెర మీద కనిపించే ప్రతి చుక్క ఏ రంగులో ఉండాలో లెక్కకట్టేది గ్రాఫిక్స్ చిప్. దీన్నే జీపీయూ అంటారు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఇది ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. గేమ్‌లకు, వీడియో ఎడిటింగ్‌కు, ఇంజినీరింగ్ డ్రాయింగులకు కొన్న వాటిలో దీనికి విడిగా మరో చిప్ ఉంటుంది. తొందరగా వేడెక్కేది, ఎక్కువగా పాడయ్యేది ఈ రెండో రకం.

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు విడి భాగం. పాతది ఊడదీసి కొత్తది గుచ్చవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఆ వీలు దాదాపు లేదు. చిప్‌ను మదర్‌బోర్డుకు (అన్ని భాగాలనూ కలిపే ప్రధాన పలక) నేరుగా టంకం వేసి అతికిస్తారు. అందుకే గోరంత చిప్ పోయినా బిల్లు బోర్డు మొత్తానికి వస్తుంది.

అతుకు ఎక్కడ తెగుతుంది

ఈ చిప్‌లో రెండు వరసల అతుకులున్నాయి. పైన సిలికాన్ ముక్క ఉంటుంది. అది వందలాది సన్నని టంకం బొడిపెలతో ఒక చిన్న పలక మీద కూర్చుంటుంది. ఆ పలక మళ్లీ కొంచెం పెద్ద టంకం గుండ్లతో మదర్‌బోర్డు మీద కూర్చుంటుంది.

వేడెక్కితే ప్రతి పదార్థమూ వ్యాకోచిస్తుంది, కానీ అన్నీ ఒకే కొలతలో కాదు. సిలికాన్ చాలా తక్కువగా సాగుతుంది. కింది పలక దానికంటే కొన్ని రెట్లు ఎక్కువ సాగుతుంది. మధ్యలో ఉన్న బొడిపెలు ఈ తేడాను భరించాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేసి పని పెంచినప్పుడు చిప్ 80, 90 డిగ్రీలకు చేరుతుంది. ఆపేస్తే గది వేడికి దిగుతుంది. ప్రతిసారీ ఆ అతుకులు ఒక పక్కకు లాగబడి మళ్లీ వెనక్కి వస్తాయి. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒకనాటికి పుటుక్కున తెగినట్టే, ఈ అతుకుల్లోనూ పగులు పుడుతుంది. దీన్ని లోహపు అలసట అంటారు.

అంటే వేడి ఒక్కటే శత్రువు కాదు. వేడెక్కడం, చల్లారడం ఎన్నిసార్లు జరిగింది, ఒక్కోసారి తేడా ఎంత అన్నవి కూడా అంతే ముఖ్యం. తెర ఒక రోజు బాగుండి మరో రోజు చెదరడానికి కారణం కూడా ఇదే. పగిలిన అంచులు కాసేపు తగులుతాయి, కాసేపు విడిపోతాయి.

2008లో బయటపడ్డ సంగతి

అతుకుల పగులు వాడేవాళ్ల అజాగ్రత్త వల్లే వచ్చే లోపం అని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ అలా కాదని ప్రపంచానికి తెలిసింది 2008లో. ఆ ఏడాది జులై 2న గ్రాఫిక్స్ చిప్‌ల తయారీ సంస్థ ఎన్విడియా ఒక ప్రకటన చేసింది. తన పాత తరం ల్యాప్‌టాప్ చిప్‌లలో కొన్ని మామూలు కంటే ఎక్కువగా పాడవుతున్నాయని, చిప్‌నూ దాని ప్యాకేజీనీ కట్టిన పదార్థాలు బలహీనంగా ఉన్నాయని ఒప్పుకుంది. వారంటీ, రిపేరు ఖర్చుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నానని చెప్పింది. ల్యాప్‌టాప్‌ల డిజైన్, వాడకం తీరు కూడా ఇందులో పాలు పంచుకున్నాయని చేర్చింది.

ఆ చిప్‌లు డెల్, హెచ్‌పీ, యాపిల్ లాంటి పేరున్న కంపెనీల మెషిన్లలో ఉన్నాయి. ఒక్కొక్కరూ ఒక్కో దారి పట్టారు. డెల్ తన బయోస్‌ను (మెషిన్ లేవగానే పనిచేసే మొదటి సాఫ్ట్‌వేర్) మార్చి, ఫ్యాన్ తిరిగే తీరును సవరించింది. చిప్ వేడిలో ఎగుడుదిగుడులు తగ్గించడం దాని ఉద్దేశం. కొన్ని మోడళ్లకు వారంటీ కూడా పొడిగించింది. హెచ్‌పీ కొన్ని పెవిలియన్, కాంపాక్ మోడళ్లకు వారంటీని పొడిగించింది. యాపిల్ ఆ ఏడాది అక్టోబరులో, ఈ లోపమున్న మ్యాక్‌బుక్ ప్రోలకు వారంటీ తీరినా ఉచితంగా రిపేరు చేస్తానంది.

ఫ్యాన్ సవరణ పగులును ఆలస్యం చేస్తుందే తప్ప, పడిన పగులును పూడ్చదు. అమెరికాలో వినియోగదారులు కోర్టుకు వెళ్లారు. 2010లో రాజీ కుదిరింది. లోపమున్న మెషిన్లకు కొందరికి రిపేరు, కొందరికి బదులు మెషిన్ ఇచ్చేలా ఒప్పందమైంది. అయితే అది అమెరికాలో కొన్నవాళ్లకే వర్తించింది. అవే మోడళ్లను ఇక్కడ కొన్నవాళ్లకు ఆ ఒప్పందంతో ఒరిగింది లేదు.

2015 ఫిబ్రవరిలో యాపిల్ మరో కార్యక్రమం ప్రకటించింది. 2011 నుంచి 2013 మధ్య అమ్మిన కొన్ని మ్యాక్‌బుక్ ప్రోలలో తెర చెదరడం, మెషిన్ హఠాత్తుగా రీస్టార్ట్ కావడం గమనించామని, వాటిని ఉచితంగా బాగుచేస్తామని చెప్పింది. తయారీలో లోపమున్న చోట కంపెనీలు వారంటీ గడువు దాటి కూడా బాధ్యత తీసుకున్న సందర్భాలున్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి డబ్బు కట్టేముందు మీ మోడల్‌కు అలాంటి ఉచిత రిపేరు కార్యక్రమం ఉందేమో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడటం మొదటి పని.

వేడి చేస్తే బాగవుతుందా?

చిప్‌ను వేడిగాలి మెషిన్‌తో కాల్చడాన్ని రీఫ్లో అంటారు. చిప్‌ను పీకి, కింది టంకం గుండ్లను మార్చి మళ్లీ అతికించడం రీబాలింగ్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ మార్కెట్ల చుట్టుపక్కల ఈ పని నేర్చినవాళ్లు దొరుకుతారు. పని తెలిసినవాళ్లే. కానీ ఈ పనికి ఒక హద్దుంది.

పగులు కింది గుండ్లలో ఉంటే రీబాలింగ్ నిజంగా పనిచేయవచ్చు. పగులు పైన, సిలికాన్ కింది సన్నని బొడిపెల్లో ఉంటే ఎన్ని గుండ్లు మార్చినా లాభం లేదు. వేడికి ఆ బొడిపెలు సాగి, విడిపోయిన అంచులు మళ్లీ తగులుతాయి. తెర వెలుగుతుంది. కొన్ని రోజులకో వారాలకో మళ్లీ పోతుంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 గేమ్ యంత్రాల విషయంలోనూ ఇదే జరిగింది. 2007లో ఆ కంపెనీ వందకోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టి, వారంటీని మూడేళ్లకు పెంచింది. తెగినవి బోర్డు మీది గుండ్లు కావని, చిప్ లోపలి అతుకులని 2021లో తన డాక్యుమెంటరీలో వివరించింది.

అందుకే రీఫ్లోను వైద్యంగా కాక, లోపల ఉన్న ఫైళ్లు బయటికి తీసుకోవడానికి దొరికిన గడువుగా చూడాలి. పై బొడిపెలు పగిలినప్పుడు శాశ్వతంగా బాగుపడాలంటే కొత్త చిప్ వేయాలి, లేదా బోర్డు మార్చాలి. చిప్ మారుస్తామన్నవారిని అది కొత్తదా, పాత బోర్డు నుంచి పీకిందా అని అడగండి.

మన ఎండలో లెక్క

చల్లబరిచే ఫ్యాన్ గదిలోని గాలినే వాడుకుంటుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు ఒక పనికి చిప్ 70 డిగ్రీలకు చేరుతుందనుకుందాం. ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో గది 42 డిగ్రీలైతే, అదే పనికి చిప్ సుమారు 87 డిగ్రీలకు చేరుతుంది. పని పెరగలేదు, పునాది పెరిగింది. కర్నూలు జిల్లాలో ఈ పునాది ఏడాదిలో చాలా నెలలు ఎత్తుగానే ఉంటుంది.

దీనికి దుమ్ము తోడవుతుంది. మగ్గాలున్న ఇంట్లో నూలు పీచు ఫ్యాన్ దగ్గరి సన్నని రేకుల మధ్య చాపలా పేరుకుంటుంది. అప్పుడు ఫ్యాన్ తిరిగినా గాలి బయటికి పోదు. పరుపు మీద పెట్టి వాడితే కింద గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. ఏడాదికోసారి లోపల శుభ్రం చేయించి, చిప్‌కూ రాగి గొట్టానికీ మధ్య ఎండిపోయిన పేస్టును (వేడిని అవతలికి దాటించే లేపనం) మార్పిస్తే వేడి గణనీయంగా తగ్గుతుంది. వారంటీలో ఉన్న మెషిన్‌ను మాత్రం కంపెనీని అడగకుండా విప్పించకండి.

లో వోల్టేజీ వల్లే చిప్ పోయిందన్న మాట తరచూ వింటాం. ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద సాధారణంగా 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. అంటే కరెంటు తగ్గినా చాలావరకు అదే సర్దుకుంటుంది. హఠాత్తుగా వచ్చే హై వోల్టేజీ అడాప్టర్‌నూ, చార్జింగ్ భాగాన్నీ దెబ్బతీయగలదు. అతుకుల పగులు వేరే లోపం.

షాపుకు పోకముందు ఇంట్లో పరీక్ష

హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను టీవీకి కలపండి. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉండి ల్యాప్‌టాప్ తెరపైనే గీతలుంటే, లోపం తెరలోనో దాని కేబుల్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. అది బోర్డు కంటే చవకలో తీరే పని. మూత కదిపినప్పుడు గీతలు మారుతుంటే కేబుల్‌ను అనుమానించండి. టీవీలోనూ అవే గీతలు కనిపిస్తే గ్రాఫిక్స్ వైపే చూడాలి. అప్పుడు కూడా మెషిన్ ఆన్ చేయగానే, కంపెనీ గుర్తు కనిపించే దశలోనే గీతలున్నాయా గమనించండి. విండోస్ లేచాకే వస్తుంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను (చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తీసి మళ్లీ వేసి చూడాలి. మొదటి దశలోనే ఉంటే అది హార్డ్‌వేర్ లోపమని దాదాపు తేలినట్టే. ఈ తేడాలను ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. వచ్చిపోయే లోపం సర్వీస్ సెంటర్ బల్ల మీద కనిపించకపోవచ్చు.

కంపెనీ చేసే రిపేరు

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సాధారణంగా చిప్ జోలికి పోరు. బోర్డు మొత్తం మారుస్తారు. వచ్చే బోర్డు కొత్తది కావచ్చు, బాగుచేసి పంపినది కావచ్చు. రెండూ వారంటీ నిబంధనల్లో రాసి ఉంటాయి. లోపం డిజైన్‌లోనే ఉంటే, అదే డిజైన్ బోర్డు మళ్లీ అదే దారిన పోవచ్చు. కనుక మార్చిన భాగానికి ఎన్ని రోజుల వారంటీ ఇస్తున్నారో కాగితం మీద రాయించుకోండి.

బోర్డు మారితే ఇంకో చిక్కుంది. విండోస్ చాలా ల్యాప్‌టాప్‌లలో ఫైళ్లకు తాళం వేస్తుంది. దాని పేరు బిట్‌లాకర్. ఆ తాళం మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. బోర్డు మారగానే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మెషిన్ ఇంకా కొంచెం పనిచేస్తుండగానే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో చూసి రాసుకోండి. ఫైళ్లను వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. ఫైళ్లు పోతే బాధ్యత తమది కాదని కంపెనీలు నిబంధనల్లో రాసుకుంటాయి.

అమెరికా నుంచి వచ్చిన మెషిన్ అయితే, దాని వారంటీ భారత్‌లో చెల్లుతుందో లేదో సీరియల్ నంబరుతో ముందే తేల్చుకోండి. ఇంటికొచ్చి చేసే ఆన్‌సైట్ వారంటీ కొనేటప్పుడు అది మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందా అని అడగండి.

చట్టం ఏమిస్తుంది

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఆ తర్వాతి ఏడాది జులై నుంచి అమల్లో ఉంది. లోపమున్న వస్తువు, లోపమున్న సేవ రెండూ దీని కిందకు వస్తాయి. తయారీ లోపానికి తయారీదారును బాధ్యుణ్ని చేసే అధ్యాయం కూడా ఇందులో ఉంది. మెషిన్‌ను హైదరాబాద్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, కోడుమూరులో ఉండే వ్యక్తి కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. అవసరమైతే వస్తువును పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే, కంపెనీతో మాట్లాడి తేల్చే ప్రయత్నం చేస్తారు. 2022 డిసెంబరు 24న కేంద్రం రిపేరు హక్కు పోర్టల్‌ను కూడా ప్రారంభించింది. కంపెనీల రిపేరు సమాచారాన్ని ఒక్కచోట దొరికేలా చేయడం దాని లక్ష్యం.

వారంటీ తీరాక కేసు తేలిక కాదు. లోపం తయారీలోనే ఉందని చూపాల్సి వస్తుంది. అక్కడ నిలబడేవి కాగితాలే. కొన్న బిల్లు, లోపం మొదట కనిపించిన తేదీ, సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్‌షీట్, కంపెనీకి పంపిన మెయిల్ అన్నీ దాచాలి. జాబ్‌షీట్‌లో డిస్‌ప్లే ప్రాబ్లమ్ అని ముక్తసరిగా రాస్తే ఒప్పుకోకండి. టీవీకి కలిపినా గీతలు వస్తున్నాయి అని స్పష్టంగా రాయించండి.

మెషిన్ పాతదై, బోర్డు ధర కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగానికి చేరుతుంటే రిపేరు మానుకోవడమే లాభం. ఫైళ్లు తీసుకుని వదిలేయండి. బాగుచేయించాలనుకుంటే మాత్రం డబ్బు కట్టేముందు మూడే ప్రశ్నలు అడగండి: ఏ భాగం పోయింది, దాన్ని మారుస్తున్నారా లేక వేడి చేస్తున్నారా, మళ్లీ పోతే ఎన్ని రోజుల వరకు బాధ్యత మీది? ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబివ్వని చోట ల్యాప్‌టాప్ వదిలి రాకండి.