అద్దం అడ్డు తొలగాక

600 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/4 దగ్గర పెట్టి, పది మీటర్ల దూరంలోని పక్షిని తీస్తే స్పష్టంగా పడే మందం దాదాపు ఆరేడు సెంటీమీటర్లే. కన్ను బాగా పడితే తోక మసకబారుతుంది. అదే పక్షి సెకనుకు పది మీటర్ల వేగంతో మన వైపే వస్తుంటే, సెకనులో అరవయ్యో వంతు గడిచేసరికి 16 సెంటీమీటర్లకు పైగా దగ్గరైపోతుంది. పక్షి ఎక్కడుందో కనిపెడితే చాలదు, షట్టర్ తెరుచుకునేసరికి ఎక్కడుంటుందో కెమెరా ముందే లెక్కగట్టాలి.

1985లో వచ్చిన మినోల్టా 7000 ఫోకస్ సెన్సర్‌నూ మోటారునూ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలోనే ఇమిడ్చింది. లెన్స్ వెనకుండి వ్యూఫైండర్‌కు బొమ్మ చూపే అద్దం గుండా కొంత వెలుగు దాని వెనకనున్న చిన్న అద్దం మీద పడి, అడుగునున్న సెన్సర్‌కు చేరేది. లెన్స్ రెండు పక్కల నుంచి వచ్చే రెండు బింబాల మధ్య ఎడాన్ని బట్టి, లెన్స్ ఎటు తిరగాలో, ఎంత తిరగాలో ఒక్క చూపులో తేలిపోయేది. ఇదే ఫేజ్ డిటెక్షన్. గొప్ప ఉపాయమే. కానీ కొలత ఒకచోట, బొమ్మ మరొకచోట. రెండు దారుల మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా పొడవాటి లెన్స్‌లో ఫోకస్ కన్ను దాటి రెక్క మీద పడేది. పైగా ఫొటో తీసిన ప్రతిసారీ అద్దం పైకి లేచేది. అంతసేపూ ఫోకస్ సెన్సర్‌కు చూపుండదు.

2008లో పానసోనిక్ జీ1 ఆ అద్దాన్ని తీసేసింది. అయినా పక్షుల వాళ్లకు ఒరిగిందేమీ లేదు. అద్దంతో పాటే ఆ ఫోకస్ సెన్సరూ పోవడంతో, బొమ్మ ఎక్కడ బాగా తేరుకుంటుందో వెతుకుతూ లెన్స్ ముందుకూ వెనక్కూ కదలాల్సి వచ్చేది, ఎటు వెళ్లాలో ముందుగా తెలిసేది కాదు. బరువైన గాజులు అలా ఊగిసలాడేలోగా పక్షి ఎగిరిపోయేది. తర్వాత ఇంజినీర్లు ఫేజ్ డిటెక్షన్‌ను బొమ్మ పడే సెన్సర్ మీదికే తెచ్చారు. 2011లో నికాన్ 1 కెమెరాలు ఆ దారి పట్టాయి. 2017లో సోనీ ఏ9 సెన్సర్ వెనకే మెమరీని పేర్చి, సెకనుకు 20 ఫొటోలు తీస్తూనే 60 సార్లు ఫోకస్ లెక్కగట్టింది. వ్యూఫైండర్ ఒక్కసారీ చీకటి కాలేదు.

నా దృష్టిలో అసలు మలుపు సెన్సర్ మీది ఈ కొలతే. 2020లో కెనాన్ ఆర్5, మరుసటేడు సోనీ ఏ1 పక్షి కన్నును గుర్తుపట్టడం మొదలుపెట్టాక అందరూ దాన్నే పొగిడారు. అది పొగడదగ్గదే. కాకపోతే, ఆ గుర్తింపు ఎక్కడ కొలవాలో చెబుతుందే గాని, కొలవదు. కొలత ఆలస్యమైతే కన్ను దొరికినా బొమ్మ దక్కదు. సెన్సర్ మీది కొలత తక్కువ వెలుగులోనూ పనిచేస్తుంది గనకే కెనాన్ 2020లో ఎఫ్/11 దగ్గర స్థిరపడిన 800 మిల్లీమీటర్ల లెన్స్‌ను అమ్మగలిగింది. ఎస్‌ఎల్‌ఆర్ ఫోకస్ సెన్సర్లు సాధారణంగా ఎఫ్/8 దగ్గరే ఆగిపోయేవి. ఆ లెన్స్ బరువు కిలోంపావే. భారీ లెన్స్ మోయలేని, కొనలేని వాళ్లకు అది పెద్ద వరం.

ఇప్పటికీ తీరని చిక్కులున్నాయి. నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రంలో కొమ్మల మధ్య గూడబాతును తీయబోతే ఫోకస్ ముందున్న రెమ్మను పట్టుకుంటుంది. లెన్స్ ఫోకస్ మరీ దూరాన ఆగిపోయి ఉంటే ఎదుట పక్షి వట్టి మసకగా ఉంటుంది, కెమెరాకు గుర్తుపట్టడానికి ఆకారమే దొరకదు. అలాంటప్పుడు ఫోకస్ రింగును చేత్తో తిప్పి, పక్షి ఆకారం కాస్త కనబడ్డాక కెమెరాకు అప్పగించాలి. దగ్గరి దూరాలను వదిలేసేలా లెన్స్ మీది లిమిటర్ స్విచ్‌ను ముందే పెట్టుకుంటే, ఎగిరే పక్షి కోసం మోటారు వెతకాల్సిన మేర తగ్గుతుంది.