లినెన్ పరదా కొనే ముందు కింద పరుపు సంగతి కూడా చూడండి

పోయిన రంజాన్‌కి ముందు మా ఖాలా జగదాంబ సెంటర్ వైపు ఒక దుకాణంలో హాలు కిటికీలకు పరదాలు కొన్నది. "ప్యూర్ లినెన్ మేడమ్, నేచురల్" అన్నాడట అక్కడి కుర్రాడు. అక్కడక్కడ దారం లావుగా, కొంచెం గరుగ్గా, చూడ్డానికి అచ్చం లినెన్‌లానే ఉంది. ఇంటికొచ్చాక అంచు లోపల కుట్టిన చిన్న పట్టీ చదివితే "పాలియెస్టర్ 100 శాతం" అని ఉంది. బిల్లు తీసి చూస్తే "లినెన్ లుక్" అని రాసి ఉంది. వెనక్కి తీసుకోమంటే, మేం రాసిందే ఇచ్చాం కదా అన్నారు.

కాటన్‌కి రెండు మూడు రెట్లు ధర పెట్టి కొనే గుడ్డ ఇది. పెళ్లి సామాన్లలో దుప్పట్లు, పండక్కి పరదాలు ఇప్పుడు లినెన్‌లోనే కావాలంటున్నారు పిల్లలు. కాబట్టి అదేంటో, మన విశాఖ ఇంటికి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ డబ్బు దండగో చూద్దాం.

లినెన్ అంటే అవిసె మొక్క కాండం నుంచి తీసే నార. మనం అల్సీ అని లడ్డూల్లో వేసుకునే గింజ కూడా ఆ మొక్కదే. (పెరట్లో పెరిగే అవిసె చెట్టు వేరు, దానికీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు.) అరబ్బీలో, ఉర్దూలో దీన్నే కతాన్ అంటారు. ఐతే చీరల కొట్లో "బనారస్ కతాన్" అని చూపిస్తే అది పట్టు, లినెన్ కాదు. ఈ రెండు పేర్లతో చాలామంది తికమక పడుతుంటారు.

మన దేశంలో పండించే అవిసె ఎక్కువగా గింజ కోసం. నార కోసం వేసే రకం సన్నగా, పొడుగ్గా, కొమ్మలు తక్కువగా పెరుగుతుంది. దాన్ని ఫ్రాన్సు, బెల్జియం, నెదర్లాండ్స్ సముద్ర తీరాల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో విత్తుతారు. దాదాపు 100 రోజులకి పంట వస్తుంది. కోయరు, వేళ్లతో సహా పీకుతారు, నార పొడుగు తగ్గకూడదని. పీకిన మొక్కల్ని పొలంలోనే కొన్ని వారాలు పరిచి ఉంచితే, మంచుకీ తడికీ కాండంలోని జిగురు కుళ్లి నార విడిపోతుంది. ఎక్కువగా వాన మీదే పండుతుంది, పురుగుమందు కూడా పత్తికన్నా తక్కువ చాలు. పర్యావరణానికి మంచి గుడ్డ అనే పేరు దీనివల్లే వచ్చింది. అక్కడి నుంచి నార ఓడల్లో మన దేశానికి వస్తుంది. కోల్‌కతా దగ్గర రిష్రాలో 1949 నుంచి ఉన్న జయశ్రీ టెక్స్‌టైల్స్ లాంటి మిల్లులు దాన్ని దారం చేసి నేస్తాయి.

మన ఊరి గాలికి ఇది సరిపోతుందా అంటే, బాగానే సరిపోతుంది. ఇక్కడ ఎండకన్నా ఉక్కపోత ఎక్కువ. మామూలు గాలిలో 100 గ్రాముల లినెన్ సుమారు 12 గ్రాముల తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. కాటన్ ఐతే ఎనిమిదిన్నర గ్రాములు. పాలియెస్టర్ అర గ్రాము కూడా కాదు, అందుకే ఆ దుప్పటి మీద పడుకుంటే వీపు జిగటగా అంటుకుంటుంది. ఇంకో సంగతి ఉతుకు. వన్‌టౌన్‌లో, దర్గా కొండ చుట్టుపక్కల, ఇటు గాజువాక వైపు ఉండేవాళ్లని అడగండి, వారం తిరక్కుండానే కిటికీ పరదా నల్లబడుతుంది. మాటిమాటికీ ఉతకాల్సిందే. లినెన్ నార పొడిగా ఉన్నప్పటికన్నా తడిసినప్పుడు ఇంకా గట్టిపడుతుంది. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. రేయాన్ దీనికి పూర్తిగా ఉల్టా, తడిస్తే బలహీనమైపోతుంది. "లినెన్ మిక్స్" అని అమ్మేవాటిలో తరచుగా కలిపేది ఈ రేయానే.

లోపాలు కూడా చెప్పాలి. ముడతలు పడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా పడుతుంది. ఒకే మడత మీద పదేపదే ఇస్త్రీ పెట్టితే అక్కడే నార విరిగి చిరుగుతుంది. కాస్త తడి మిగిలుండగా మడిచి బీరువాలో పెడితే మన వానాకాలంలో బూజు ఖాయం.

నన్నడిగితే ఇల్లంతా లినెన్ చేయక్కర్లేదు. రోజూ వాడి రోజూ ఉతికేవాటికి పెట్టండి: దుప్పటి, తలగడ గలేబు, చేతులు తుడుచుకునే తువ్వాలు, దస్తర్‌ఖాన్. పరదాలకి మంచి కాటన్ చాలు. పక్క శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి ఖద్దరు నేస్తున్నారు. ఇక కాళ్లు తుడుచుకునే పట్టాలకీ, సంచులకీ గోగునార ఉండనే ఉంది. అది కూడా అవిసెలాగే కాండం నుంచి వచ్చే నార. ఒకప్పుడు మన భీమిలి రేవు నుంచి ఎంత ఎగుమతయ్యేదంటే, వ్యాపారంలో దాని పేరే "బిమ్లీ జూట్" అయిపోయింది. ఆ నారతో బతికిన చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతబడింది. గోగుకి ఒక చెడ్డ గుణం ఉంది, మంచు బదులు చెరువు నీళ్లలో నానబెడతారు కాబట్టి ఆ నీళ్లు కంపు కొడతాయి. ఏ గుడ్డైనా ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి పాడుచేస్తుంది, కాబట్టి కొన్నది ఎన్నేళ్లు వాడతామన్నదే అసలు లెక్క.

అందుకే పరుపు సంగతి ఎత్తాను. వేలు పోసి లినెన్ దుప్పటి కొని ఫోమ్ పరుపు మీద పరుస్తున్నాం. ఫోమ్ అంటే పెట్రోలియం నుంచి వచ్చే పాలియురేతేన్, వేడిని పట్టి ఉంచుతుంది. కొన్నేళ్లకి మధ్యలో గుంటపడితే బాగుచేసే దారి లేదు, కాపులుప్పాడ చెత్త యార్డుకే పోతుంది. మన నానీల ఇళ్లల్లో దూది పరుపు అలా కాదు. ఎండలో వేసేవాళ్లు. గడ్డకడితే విప్పి, దూది మళ్లీ ఏకించి, రెండు కిలోలు కొత్తది కలిపి, కొత్త గలేబు కుట్టించేవాళ్లు. గలేబు అనే తెలుగు మాట మన గిలాఫ్ నుంచి వచ్చిందే. అదే దూది తల్లి పరుపు నుంచి కూతురి పరుపుకి వెళ్లేది.

ఆ పని చేసింది ఎవరో మనకి తెలుసు. దూదేకులవాళ్లు, నూర్‌బాషాలు. రాయలసీమ, గుంటూరు, కృష్ణా వైపు ఎక్కువగా ఉండే, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముసల్మానులు. సర్కారు బీసీ-బి జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని ఉండేది వీళ్లే. విల్లుకి కట్టిన తీగని కొయ్యతో కొడుతూ ఉంటే దూది పొగలా లేచేది. ఇప్పుడు మిషన్ వచ్చింది, పని తొందరగా అవుతుంది, పిలిచేవాళ్లే తగ్గిపోయారు. "పింజారి" అనే మాటని మనలో కొందరు కూడా తిట్టుగా వాడతారు. ఇన్ని తరాలు ఊరందరికీ మెత్తగా నిద్రపట్టించిన పని పేరు తిట్టెలా అయిందో నాకు అర్థం కాదు.

ఇప్పుడు కొట్లో చేయాల్సిన పని. బోర్డు మీద, బిల్లు మీద ఏం రాశారో వదిలేయండి, లోపలి పట్టీలో శాతం చదవండి. అనుమానంగా ఉంటే అంచు నుంచి ఒక దారం లాగి, ఇంట్లో నీళ్ల గిన్నె మీద పట్టుకారుతో పట్టుకుని అంటించండి. లినెన్, కాటన్ కాగితంలా కాలి, కాగితం వాసనే వచ్చి, మెత్తటి బూడిదౌతాయి. పాలియెస్టర్ కరిగి నల్లటి గట్టి పూసలా ముడుచుకుంటుంది. రేయాన్ కూడా కాగితంలానే కాలుతుంది, అక్కడ ఈ పరీక్ష పనిచేయదు, పట్టీ ఒక్కటే దిక్కు.

దూది ఏకేవాళ్లని పిలిస్తే కిలోకి ఎంతో ముందే మాట్లాడుకోండి. విప్పిన దూదిని మీ ముందే తూకం వేయించండి, ఏకాక మళ్లీ వేయించండి. దుమ్ము పోయినంత తరుగు ఉంటుంది, దానికి గొడవ పడొద్దు. మా ఖాలా మొన్న రెండు పాత పరుపులు విప్పించి మూడు చిన్నవి కుట్టించింది. ఆ పాలియెస్టర్ పరదాల్లో ఒకటి కింద పరిచి దాని మీదే దూది ఆరబోసింది.