అమెరికా సంప్రదాయవాది వాదమేమిటి? బెళ్ళందూరుకు దానితో పనేమిటి?

కోలారు, చిక్కబళ్ళాపురం, హిందూపురం, కుప్పం పరిసర గ్రామాల నుండి బెంగళూరు చేరి, బెళ్ళందూరులో అవుటర్ రింగు రోడ్డు వెంబడి వెలసిన సాఫ్ట్‌వేరు కార్యాలయాలలో పనిచేస్తున్న తెలుగు యువతీయువకులు అనేకులు. ఆ కార్యాలయాలలో పెక్కు అమెరికా కంపెనీలవి; మిగిలినవాటిలోనూ చాలావాటికి అమెరికా ఖాతాదారులే ఆధారం. అందువలన వాషింగ్టనులో ఒక సంతకం పడితే దాని ప్రభావం సరిహద్దు గ్రామంలోని ఇంటి అరుగు వరకు వస్తుంది.

2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ చేసిన సంతకం అటువంటిదే. విదేశాల నుండి కొత్తగా హెచ్-1బి వీసాపై ఉద్యోగిని రప్పించుకొనే కంపెనీ లక్ష డాలర్లు, అనగా అప్పటి మారకంలో సుమారు 88 లక్షల రూపాయలు చెల్లించాలని ఆ ప్రకటన సారాంశం. దానిని పన్నెండు నెలల కాలానికి, పొడిగించే వీలుతో జారీ చేశారు. మన పిల్లలు వారికి చేసిన అపకారమేమిటని తల్లిదండ్రులు అడగడం సహజం. ఆ ప్రశ్నకు సమాధానం దొరకాలంటే, ఆ సంతకం వెనుక నిలిచిన అమెరికా సంప్రదాయవాది ఆలోచనను ముందుగా తెలుసుకోవాలి.

సంప్రదాయవాది అంటే ఎవరు?

అమెరికాలో ‘కన్సర్వేటివ్’ అని పిలువబడే వ్యక్తి సాధారణంగా రిపబ్లికన్ పార్టీని బలపరుస్తాడు. అతని నమ్మకాలు స్థూలంగా మూడు. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, పన్నులు తక్కువగా ఉండాలి. కుటుంబం, చర్చి, ఊరు అనేవి ప్రభుత్వం కంటే ముందు పుట్టినవి కనుక వాటి వ్యవహారాలలో ప్రభుత్వం అతిగా జోక్యం చేసుకోరాదు. దేశానికి సరిహద్దు, చట్టం, సొంత సంస్కృతి ఉండాలి. 1981 నుండి 1989 వరకు అధ్యక్షుడుగా ఉన్న రోనాల్డ్ రేగన్‌ను వీరిలో అత్యధికులు ఆదర్శంగా తలుస్తారు.

ఈ నమ్మకాలు నిత్యజీవితంలో కనిపించే తీరు వేరు. అక్కడి ప్రభుత్వ పాఠశాలను చాలాచోట్ల స్థానికులు ఎన్నుకొన్న పాఠశాల మండలి నడుపుతుంది. ఖర్చులో పెద్ద భాగం ఇంటిపన్ను నుండి వస్తుంది. తన పన్నుతో నడిచే బడిలో ఏ పాఠం చెప్పాలో వాషింగ్టను అధికారి కాక ఊరివారే నిర్ణయించాలని సంప్రదాయవాది కోరుతాడు. మన గ్రామ పంచాయతీ తన చెరువు గురించి రాజధాని అధికారి నిర్ణయించరాదని కోరినట్లే ఇది. తుపాకీ విషయమూ అంతే. ఆ హక్కు 1791లో రాజ్యాంగానికి చేర్చిన రెండవ సవరణలో ఉన్నది. పోలీసుస్టేషను చాలా దూరంలో ఉండే పల్లెవాసి దానిని ఆత్మరక్షణ హక్కుగా చూస్తాడు. నగరవాసులలో అనేకులు దానినే ప్రాణాపాయంగా చూస్తారు.

ధరల సంగతి మరింత ముఖ్యం. 2022 జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. ప్రభుత్వం అప్పు చేసి విచ్చలవిడిగా ఖర్చు పెట్టడమే కారణమని సంప్రదాయవాదులు అన్నారు. కరోనా వలన సరఫరాలు దెబ్బతినడం, ఉక్రెయిను యుద్ధం ప్రధాన కారణాలని ఎదుటివారు వాదించారు. కిరాణా బిల్లు చూసుకొని ఓటు వేసినవారి పాత్ర 2024 నవంబరు ఎన్నికలలో తక్కువది కాదు. ఆ ఎన్నికలలో ట్రంప్ 312 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు.

వలసలపై రెండు పాయలు

సంప్రదాయవాదులందరూ వలసలకు విరోధులని భావించడం పొరపాటు. ఈనాటి హెచ్-1బి వీసాకు రూపమిచ్చిన 1990 నాటి చట్టంపై సంతకం చేసినది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జి బుష్ (పెద్ద బుష్). వ్యాపారానికి స్వేచ్ఛ ఉండాలని, ప్రతిభ ఎక్కడ ఉన్నా తెచ్చుకోవాలని ఆ పాయవారి మాట.

రెండవ పాయవారి మాట వేరు. కర్మాగారాలు విదేశాలకు తరలిపోయి తమ ఊళ్ళు పాడుబడ్డాయని, ఇప్పుడు కార్యాలయపు ఉద్యోగాలు కూడా తక్కువ జీతానికి దొరికే విదేశీయుల పాలవుతున్నాయని వారి ఆవేదన. ఏటా కొత్తగా ఇచ్చే 85 వేల హెచ్-1బి వీసాలలో 20 వేలు అమెరికాలో పై చదువులు చదివినవారికి ప్రత్యేకం. ఆమోదం పొందే దరఖాస్తులలో మూడింట రెండు వంతులకు పైగా భారతీయులవే కనుక ఆ ఆవేదన సూటిగా మనవారినే తాకుతుంది.

2024 డిసెంబరులో ఈ రెండు పాయలూ బహిరంగంగా తలపడ్డాయి. ఎలన్ మస్క్, వివేక్ రామస్వామి నిపుణుల వలసను సమర్థించగా, స్టీవ్ బానన్ వంటివారు తీవ్రంగా ఖండించారు. వీరందరూ ట్రంప్ గెలుపు కోరినవారే. ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉష చిలుకూరి తెలుగు దంపతుల కుమార్తె. అయినా వాన్స్ రెండవ పాయవైపే మొగ్గు చూపుతారు. కనుక బంధుత్వాన్ని చూసి విధానాన్ని ఊహించడం తగదు.

బెళ్ళందూరులో వినిపించిన అదే మాట

‘ముందు మావారికి’ అనే మాట అమెరికాలో పుట్టినది కాదు. కన్నడంలో ‘మణ్ణిన మక్కళు’, అనగా మట్టి బిడ్డలు అనే మాట సరిహద్దు వాసులకు చిరపరిచితం. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు పరిశ్రమలలో నిర్వహణ ఉద్యోగాలలో 50 శాతం, ఇతర ఉద్యోగాలలో 70 శాతం స్థానికులకు కేటాయించే బిల్లును ఆమోదించింది. కంపెనీలు తీవ్రంగా వ్యతిరేకించడంతో రెండు మూడు రోజులలోనే దానిని నిలిపివేసింది. రాష్ట్రంలో పుట్టి, పదిహేనేళ్ళు నివసించి, కన్నడం మాట్లాడడం, చదవడం, వ్రాయడం వచ్చినవారే స్థానికులని ఆ బిల్లు ఉద్దేశం. అది చట్టమై ఉంటే ముళబాగిలులో పుట్టి కన్నడం చదువుకొన్న తెలుగు బిడ్డ బెళ్ళందూరులో స్థానికుడు; కుప్పంలో పుట్టిన అతని మేనమామ కొడుకు పరాయివాడు.

తెలుగువారు దీనికి అతీతులు కారు. 2019లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలలో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది. అమెరికా సంప్రదాయవాది చెబుతున్నది, వానికి జవాబుగా కంపెనీలు చెబుతున్నది, బెంగళూరులో మనం విన్న వాదమే. ఆ వాదాన్ని ఒప్పుకోనక్కరలేదు. కాని అది మన జాతిపై పగ మాత్రమే అనుకొంటే రాబోయే దానిని అంచనా వేయలేము.

ఇంటి లెక్క

ఈ అవగాహన అవసరమయ్యేది అప్పు పత్రంపై సంతకం చేసేనాడు. పొలం తాకట్టు పెట్టి బిడ్డను అమెరికా చదువుకు పంపే కుటుంబం కొన్ని సంగతులు గమనించాలి.

మొదటిది, 2025 అక్టోబరులో అక్కడి అధికారులు ఇచ్చిన వివరణ ప్రకారం, అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుండి హెచ్-1బికి మారేవారికి లక్ష డాలర్ల రుసుము వర్తించదు. కాని చదువు ముగిసిన తరువాత పనిచేసే తాత్కాలిక అనుమతి శాసనసభ చేసిన చట్టం కాదు, ప్రభుత్వ శాఖ నియమం. నియమాన్ని మార్చడం చట్టాన్ని మార్చడం కంటే తేలిక. అక్కడి జీతం వస్తుందనే ఒకే ఆశపై అప్పు తీసుకొనరాదు; ఇక్కడి జీతంతోనైనా తీర్చగలిగినంత మేరకే తీసుకొనడం క్షేమం.

రెండవది, అక్కడి నుండి వచ్చే సొమ్ము. 2025 జూలై 4న సంతకమైన పన్నుల చట్టం విదేశాలకు పంపే డబ్బుపై 1 శాతం పన్ను విధించింది. ప్రతినిధుల సభ మొదట ఆమోదించిన రేటు 3.5 శాతం. 2026 జనవరి 1 నుండి అమలైన ఈ పన్ను నగదు, మనీ ఆర్డరు వంటి రూపాలలో పంపే సొమ్ముకే. బ్యాంకు ఖాతా నుండి పంపేదానికి లేదు.

మూడవది, బెళ్ళందూరు ఉద్యోగమే. మనుషులను రప్పించుకోలేని కంపెనీ పనినే ఇక్కడికి పంపవచ్చు. అది మనకు మేలు. అయితే ఆ దారిని కూడా రెండవ పాయవారు గమనిస్తున్నారు. విదేశాలకు పని అప్పగించి చేసే చెల్లింపులపై 25 శాతం పన్ను వేయాలని సెనేటరు బెర్నీ మొరేనో 2025 సెప్టెంబరులో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. బిల్లు వేరు, చట్టం వేరు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వార్తకూ దిగులుపడక, అది బిల్లా, నియమమా, చట్టమా అని బెళ్ళందూరులోని పిల్లలను అడిగి తెలుసుకొన్న పిమ్మటనే పెద్దలు నిర్ణయం తీసుకొనడం ఉచితం.