పనిచోట సహకారము - నాయకుని బాధ్యత

నాయకత్వమనగానే మన విద్యార్థులకు సభావేదిక, పూలదండలు స్ఫురించుట సహజము. తంగళ్ళపల్లి నుండి మానేరు దాటి, సిరిసిల్లలో ఒక సాంచల కార్ఖానాయందు గడియసేపు నిలిచినచో ఆ భావన మారగలదు.

అచ్చట వార్పిన్ వారు పడుగు చుట్టనిదే వైపనివారికి పని లేదు. వారి పని ముగియనిదే సాంచా నడువదు. నేసిన మీటర్లను బట్టి కూలి గనుక, సాంచా ఆగినంతసేపు నష్టము కార్మికుని ఇంటి పొయ్యికే. నాసిరకపు నూలు పదేపదే తెగుచుండగా ఆసామి "నీకు పని రాదు" అని కసరినచో, ఆ కార్మికుడు మరునాడు లోపమును చెప్పక గుడ్డలోనే దాచును. కండెను చేతబట్టి, దోషము నూలుదో, సాంచాదో, మనిషిదో ముందుగా విచారించువాడు నాయకుడు. నూలునిచ్చు సేఠ్ ఎదుట ఆసామి కూడ కూలివాని వంటివాడే. ఈ సంగతి ఆయనకు తరచుగా గుర్తుండదు.

మంచితనమొక్కటే చాలదు, ఏర్పాటు కూడ కావలెను. పూర్వపు కరీంనగరు జిల్లాలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు సహకార గ్రామీణ బ్యాంకును నెలకొల్పిరి. అప్పు తీసుకొను రైతే అందులో సభ్యుడు. ఎరువులు అచ్చటనే కొనును, పంట అచ్చటనే అమ్మును. బాకీ ఎగవేసినచో నష్టపడునది తన సంఘమే. 2002లో ఆ ప్రాంతపు మహిళలు పాల సహకార సంఘమును కూడ నడుపనారంభించిరి.

కార్ఖానాలన్నియు సహకార సంఘములు కాజాలవు. అయినను ఏ కార్ఖానాకు పోయినను నేను మొదట అడుగునది ఒక్కటే: మీటర్ల లెక్క వ్రాయు పుస్తకమును కార్మికుడు తెరచి చూడవచ్చునా?