రిజర్వు బ్యాంకు ఎవరి సొత్తు?

"నోట్లు వెలువరించు బ్యాంకు ఎవరిది? దాని వాటాలు మనము కొనవచ్చునా?" యని మా బాగ్ లింగంపల్లి సోదరీమణులు కొందఱు ప్రశ్నించుచుందురు. మాకుఁ దెలిసినంత విన్నవింతుము.

నైజాము కాలమున నీ నగరమందు ఉస్మానియా సిక్కా చెల్లుచుండెను. దాని నిర్వహణమునకై 1941లో హైదరాబాదు స్టేటు బ్యాంకు ఏర్పడెను. 1956లో నదియు రిజర్వు బ్యాంకు వశమయ్యెను.

రిజర్వు బ్యాంకు 1935లో 5 కోట్ల రూపాయల మూలధనముతో వెలసెను. నూఱేసి రూపాయల వాటాలను, స్వల్పభాగము దక్క, ప్రజలే కొనిరి. అయినను నది వర్తకుల కంపెనీ వంటిది గాదు. ఐదు వాటాలకొక వోటు. ఎన్ని వాటాలున్నను పది వోట్లకు మించి లేవు. లాభమందు వాటాదారులకుఁ జట్టము నిర్ణయించిన మేరయే, మిగిలినది ప్రభుత్వమునకు. 1949 జనవరి 1న వాటాలన్నియుఁ బ్రభుత్వపరమయ్యెను. వాటా యొక్కింటికి 118 రూపాయల 10 అణాల పరిహారము లభించెను.

కావున నేఁడా వాటాలు దొరకవు. ఎవరైన నమ్మఁజూపిన నది మోసమని యెఱుంగుఁడు. బ్యాంకు రాబడిలో ఖర్చులు, నిలువలు పోఁగా మిగులు సొమ్ము ఏటేటఁ గేంద్ర ఖజానాకుఁ జేరుచున్నది. అది మనయందఱి సొమ్ము. ఇంటి పద్దు వ్రాయు చేతులకు దేశపు పద్దు నడుగు హక్కును గలదని మా యభిప్రాయము.