రాని రోగమునకు కాపలా

శ్రీకాకుళమునకు ఎగువనున్న సీతంపేట కొండలలో, ఒక గూడెమునందలి బాలుడు నిన్నటివరకు గెంతులిడుచుండి, నేడు కాలు కదపలేక పడియున్నాడనుకొందము. గాలి సోకినదని తల్లి భయపడవచ్చును. కాని యా వార్త ఆరోగ్యకేంద్రమునకు చేరినంతనే యొక పని మొదలగును. పదునైదేండ్లలోపు పిల్లలకు హఠాత్తుగా కాలుసేతులు చచ్చుబడినచో, కారణమేదైనను, ముందుగా పోలియో యని శంకించి పరీక్షింపవలెను. మన దేశమున నీ పద్ధతి 1997లో ప్రారంభమైనది.

జబ్బు కనబడిన 14 దినములలోపల, కనీసమొక దినము ఎడముగా, బాలుని మలమును రెండుసార్లు సేకరింతురు. వైరస్ ప్రతిదినమును వెలువడకపోవచ్చును గనుక రెండవది అవసరము. ఆ సీసాలను మంచుపెట్టెలోనుంచి కొండ దింపి, దూరనగరమునందలి పోలియో ప్రయోగశాలకు పంపుదురు. దారిలో మంచు కరగిపోయెనా, పడిన శ్రమయంతయు వ్యర్థము కావచ్చును. ప్రయోగశాలలో పాత్రలందు పెంచిన జీవకణములపై ఆ నమూనాను వేసి కాచుకొనియుందురు. పోలియో వైరస్ ఉన్నచో కణములు ముడుచుకొని నశించును. పిమ్మట దాని జన్యువుల వరుసను చదివి, అది యే ప్రాంతపు వైరస్‌కు బంధువో చెప్పగలరు.

భారతదేశమున సహజ పోలియో చివరిసారి కనబడినది 2011 జనవరిలో, హౌరా జిల్లాయందు. 2014 మార్చిలో మన దేశమునకు పోలియోరహితమను గుర్తింపు లభించెను. మరి యీ శ్రమ యింకను ఎందులకు? పోలియో సోకిన ఇన్నూరుమందిలో సుమారొక్కరికే అవయవము చచ్చుబడును. తక్కినవారు తామెరుగకయే యితరులకు పంచుదురు. ఇంకొక చిత్రము గలదు. పోలియో లేకున్నను, వేరు కారణములచే లక్షమంది పిల్లలలో ఏటా ఒక్కరికైనను ఇట్టి జబ్బు వచ్చును. 2011లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షలు. అందు పిల్లలు ఆరు లక్షలే యనుకొన్నను, ఏటా ఆరుగురైనను లెక్కకు రావలెను. ఒక్కరును లేరని వ్రాసిన జిల్లాను పైవారు మెచ్చుకొనరు; అచట వెదకుట ఆగిపోయినదేమో యని శంకింతురు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెలనుండి కూలిపనులకై హైదరాబాదు పోవువారు వేలకొలది. ఆ నగరముననే, 2016 మే నెలలో, ఏ బిడ్డయు పోలియోతో పడకున్నను, మురుగునీటిలో దాని వైరస్ దొరికెను. చుక్కలమందులోని బలహీనపు వైరస్ మార్పునొందిన రూపమది. జూన్ 20 నుండి వారము దినములలో మూడు లక్షలకు పైగా పసిపిల్లలకు సూదిమందు వేసిరి. అప్పట్లో ఆ మందునకు ప్రపంచమంతటను కొరత. అందుచే ఒక్కొక్కరికి మామూలు మోతాదులో అయిదవవంతు మాత్రమే, చర్మపు పొరలోనికి ఎక్కించిరి.